జనాభా, ఆదాయం, ఉద్గారాలు: సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు లెక్కను చదివే విధానం

సంగారెడ్డి జిల్లాలో పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం ఒక్కటి కూడా లేదు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం పారిశ్రామిక వాడల్లో రాత్రింబవళ్లు తిరిగే యంత్రాలకు కరెంటు గ్రిడ్ నుంచి వస్తుంది. ఆ గ్రిడ్‌కు రామగుండం, పాల్వంచ, భూపాలపల్లి, జైపూర్ వంటి చోట్ల సింగరేణి బొగ్గు మండుతుంది. పొగ గోదావరి లోయలో లేస్తుంది, సరుకు మంజీర పరీవాహకంలో తయారవుతుంది. ఆ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఏ జిల్లా ఖాతాలో రాయాలి? పొగగొట్టం ఉన్న చోట రాస్తే సంగారెడ్డి శుభ్రమైన జిల్లాగా కనిపిస్తుంది. కరెంటు వాడిన చోట రాస్తే అదే జిల్లా ఉద్గారాలు ఒక్కసారిగా పెరిగిపోతాయి. ఈ రెండు పద్ధతుల్లో ఏదీ తప్పు కాదు. ఒక ఏడాది ఒక పద్ధతిలో, మరుసటి ఏడాది మరో పద్ధతిలో లెక్కించి, రెంటినీ కలిపి ధోరణి అని గీత గీయడం మాత్రం తప్పు.

ప్రాంతీయ ఉద్గారాలను జనాభాతోనూ ఆర్థిక వృద్ధితోనూ ముడిపెట్టి చూసే అధ్యయనాలు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. వాటి ఆధారంగానే జిల్లా స్థాయి వాతావరణ ప్రణాళికలు తయారవుతాయి, రైతుకు చేయవలసిన సూచనలూ వాటి నుంచే పుడతాయి. అందువల్ల ఆ లెక్కలో లవం ఎక్కడిది, హారం ఎక్కడిది అని విడదీసి అడగగలగడం విస్తరణ శాస్త్రవేత్తకు అవసరం. అందుకు పటాన్‌చెరు కంటే మంచి పాఠశాల తెలంగాణలో దొరకదు.

నాలుగు అంశాల గుణకారం

జపాన్ శాస్త్రవేత్త యోయిచి కాయా ప్రతిపాదించిన సమీకరణం ఈ లెక్కకు మూలం. ఒక ప్రాంతపు మొత్తం కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం నాలుగు అంశాల లబ్ధం: జనాభా, తలసరి ఉత్పత్తి, ఒక రూపాయి ఉత్పత్తికి ఖర్చయ్యే శక్తి, ఒక యూనిట్ శక్తికి వెలువడే కార్బన్ డయాక్సైడ్. దీనికి ముందే 1971లో ఎర్లిచ్, హోల్డ్రెన్ పర్యావరణ ప్రభావాన్ని జనాభా, సంపన్నత, సాంకేతికతల లబ్ధంగా చూపారు. కాయా సమీకరణం ఆ ఆలోచననే శక్తి రంగానికి అన్వయించింది. చివరి రెండు అంశాలను కలిపితే వచ్చేదే ఉద్గార తీవ్రత, అంటే ఒక రూపాయి ఉత్పత్తికి వెలువడే కార్బన్ డయాక్సైడ్.

భారతదేశపు లెక్కను ఈ చట్రంలో ఉంచి చూడవచ్చు. 1990లో శిలాజ ఇంధనాలు, సిమెంటు నుంచి వెలువడిన కార్బన్ డయాక్సైడ్ 60 కోట్ల టన్నులకు కొంచెం తక్కువ. 2022 నాటికి అది 280 కోట్ల టన్నులు దాటింది, అంటే ఐదు రెట్లకు చేరువైంది. ఆ కాలంలో జనాభా సుమారు 87 కోట్ల నుంచి 142 కోట్లకు, అంటే 1.6 రెట్లకు పైగా పెరిగింది. ద్రవ్యోల్బణాన్ని తీసివేసిన తలసరి ఉత్పత్తి మూడు రెట్లకు పైగా పెరిగింది. ఉద్గార తీవ్రత కొంత తగ్గింది. గుణకారంలో ఉన్న అంశాల వాటాలను కూడికగా మార్చడానికి సంవర్గమానాలు తీసుకుంటే, మొత్తం పెరుగుదలలో జనాభా వాటా మూడో వంతుకు లోపే ఉంటుంది. అధిక భాగం ఆదాయ వృద్ధిది. తీవ్రతలో వచ్చిన తగ్గుదల ఆ రెంటిలో కొద్ది భాగాన్ని మాత్రమే వెనక్కు లాగింది.

ప్రభుత్వం ప్రకటించే తీవ్రత గణాంకాలు దీనికి భిన్నంగా కనిపిస్తాయి. 2005తో పోలిస్తే 2020 నాటికి తీవ్రత 36 శాతం తగ్గిందని ఐక్యరాజ్యసమితికి సమర్పించిన నాలుగో ద్వైవార్షిక నివేదిక పేర్కొంది. 2030 నాటికి 45 శాతం తగ్గించాలన్నది 2022లో సవరించిన లక్ష్యం. ఇక్కడ ఆధార సంవత్సరం వేరు, లెక్కలోకి తీసుకున్న వాయువులు వేరు. విద్యార్థులు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి వైరుధ్యం కనిపెట్టామనుకోవడం తరచు జరిగే పొరపాటు. తీవ్రత తగ్గుతూనే మొత్తం ఉద్గారాలు పెరగవచ్చనీ, ఉత్పత్తి ఉద్గారాల కన్నా వేగంగా పెరిగితే చాలుననీ గ్రహిస్తే సగం గందరగోళం తొలగిపోతుంది.

జనాభా అనే హారం

2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి మెదక్ జిల్లా జనాభా 26.70 లక్షలు. 2011లో 30.33 లక్షలు. పదేళ్లలో పెరుగుదల 13.6 శాతం. జనాభా ఒక్కటే కారణమైతే 2001లో 100 ఉన్న ఉద్గారం 2011లో 113.6 కావాలి. అదే దశకంలో దేశ జనాభా 17.7 శాతం పెరగగా, దేశ ఉద్గారాలు 70 శాతానికి పైగా పెరిగాయి. ఒక పారిశ్రామిక ప్రాంతంలో ఈ అంతరం ఇంకా ఎక్కువగా ఉంటుందని ఊహించడానికి గట్టి ఆధారం ఉంది. పటాన్‌చెరు బాయిలరు స్థానికుడి వంటకోసం మండదు. అక్కడ తయారయ్యే మందు సరుకు దేశమంతటికీ, విదేశాలకూ వెళ్తుంది. అందువల్ల ఆ ఉద్గారాన్ని స్థానిక జనాభాతో భాగించి తలసరి అంకె చెప్పడంలో అర్థం చాలా తక్కువ. ఉద్గారం ఎవరి అవసరానికో, హారం మరెవరిదో.

హారంలోనే మరో చిక్కు కూడా ఉంది. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మెదక్ మూడు జిల్లాలయింది. సంగారెడ్డి వంతుకు వచ్చిన జనాభా 2011 లెక్కల ప్రకారం 15.27 లక్షలు, పాత జిల్లాలో దాదాపు సగం. పరిశ్రమలలో అత్యధిక భాగం మాత్రం ఈ సగంలోనే మిగిలింది. 2016కు ముందూ తరువాతా తలసరి అంకెలను ఒకే గీతపై గుర్తిస్తే, ఒక్క కొత్త పొగగొట్టమైనా లేవకుండానే తలసరి ఉద్గారం దూకినట్లు కనిపిస్తుంది. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. అమీన్‌పూర్, తెల్లాపూర్ వైపు హైదరాబాద్ పొంగి వచ్చి స్థిరపడిన జనమూ, పాశమైలారం, ఇస్నాపూర్ గదుల్లో కాపురముంటున్న ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ కార్మికులూ 2011 అంకెలో లేరు. పాత హారంతో భాగిస్తే తలసరి ఉద్గారం ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతుంది. మండలాల వారీగా పాత సరిహద్దులను మళ్లీ కూర్చుకొని శ్రేణిని తయారుచేయడం విసుగు పుట్టించే పని. కానీ దానికి అడ్డదారి లేదు.

ఆదాయం అనే హారం

తలసరి ఆదాయంలో సంగారెడ్డి రాష్ట్రంలో ముందువరుస జిల్లాల్లో ఒకటి. ఒకప్పుడు వెనుకబడిన ప్రాంతంగా పేరుపడిన మెదక్‌లో ఇది చిన్న మార్పు కాదు. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, తరువాతి దశకాల్లో పటాన్‌చెరు, బొల్లారం ఔషధ, రసాయన పరిశ్రమలు, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, జహీరాబాద్ ట్రాక్టర్ల కర్మాగారం వచ్చాయి. ఈ వరుసే జిల్లా ఉత్పత్తిని పెంచింది.

అయితే ఉత్పత్తిని హారంగా వాడేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది ధరలు. తెలంగాణ స్థూల ఉత్పత్తి ప్రస్తుత ధరల్లో 2014–15లో సుమారు 5 లక్షల కోట్ల రూపాయలు, 2023–24లో 14 లక్షల కోట్లు దాటింది. ఇందులో కొంత భాగం ధరల పెరుగుదలే. ప్రస్తుత ధరలతో భాగిస్తే ఏ ప్రాంతపు ఉద్గార తీవ్రతైనా తగ్గుతున్నట్లే కనిపిస్తుంది. స్థిర ధరలు తప్ప మరొకటి వాడకూడదు. రెండోది, ఉత్పత్తి ఎక్కడ నమోదవుతున్నది అన్న ప్రశ్న. కర్మాగారం ఒక జిల్లాలో, సంస్థ కార్యాలయం మరో జిల్లాలో ఉన్నప్పుడు విలువ విభజన కొంతవరకు లెక్కల సౌలభ్యం మీద ఆధారపడుతుంది. మూడోది అందరూ మరచిపోయేది. జిల్లా ఉత్పత్తిలో గృహనిర్మాణం, స్థిరాస్తి సేవలు కూడా ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి అపార్టుమెంట్లు లేచిన కొద్దీ హారం పెరుగుతుంది, తీవ్రత తగ్గుతుంది. ఆ తగ్గుదలకు పారిశ్రామిక వాడలోని ఒక్క బాయిలరు కూడా కారణం కాదు. పరిశ్రమల ఉద్గారాన్ని పరిశ్రమల ఉత్పత్తితోనే భాగించాలి.

ఆవిరి లెక్క: నక్కవాగు నుంచి బాయిలరు దాకా

పటాన్‌చెరు పేరు పర్యావరణ చరిత్రలో నిలిచింది కార్బన్ డయాక్సైడ్ వల్ల కాదు, నీటివల్ల. ఔషధ, రసాయన పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి, అక్కడి నుంచి మంజీరకు చేరాయి. వాగునీటితో వరి పండించిన గ్రామాల రైతులు పొలాలూ బావులూ నష్టపోయారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది, 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు బదిలీ అయింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం పని ప్రారంభించింది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ఈ ప్రాంతపు నేలల్లో భారలోహాలు సాధారణ స్థాయిని మించి ఉన్నట్లు ప్రకటించారు. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు చూపడంతో పటాన్‌చెరు ప్రపంచమంతటా తెలిసింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 సూచికలో పటాన్‌చెరు–బొల్లారం 70.07తో తీవ్ర కాలుష్య ప్రాంతంగా నమోదైంది. ఆ సూచికలో కార్బన్ డయాక్సైడ్‌కు స్థానం లేదు.

ఇక్కడే ఉద్గారాల ధోరణిని చదివేవారు ఆగి చూడవలసిన విషయం ఉంది. వ్యర్థజలాన్ని బయటికి వదలరాదన్న నిబంధనను పాటించాలంటే పరిశ్రమ ఆ నీటిని ఆవిరి చేసి, లవణాలను ఘనరూపంలో వేరుచేయాలి. నీటిని మరిగించడానికి ఆవిరి కావాలి, ఆవిరికి ఇంధనం కావాలి. స్థూలంగా ఒక టన్ను భారతీయ బొగ్గు 5 టన్నుల ఆవిరినిస్తుంది, సుమారు 1.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. ఒకే దశలో మరిగిస్తే ఒక టన్ను నీటిని పోగొట్టడానికి టన్ను ఆవిరి, అంటే 200 కిలోల బొగ్గు ఖర్చవుతుంది. మూడు దశల బాష్పీకరణలో ఒక దశ ఆవిరి మరుసటి దశను వేడిచేస్తుంది కనుక సుమారు 400 కిలోల ఆవిరి, 80 కిలోల బొగ్గు సరిపోతాయి. అప్పటికీ టన్ను నీటికి దాదాపు 130 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. రోజుకు 100 టన్నుల వ్యర్థజలాన్ని ఏడాదిలో 300 రోజులు ఇలా ఆవిరిచేసే కర్మాగారాన్ని ఊహిస్తే, ఆ పనికే ఏటా 3,800 టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ లెక్క తేలుతుంది. ఉత్పత్తి విలువ ఒక్క రూపాయి కూడా పెరగదు.

అంటే నక్కవాగు బాగుపడుతున్న ఏళ్లలోనే పరిశ్రమ ఉద్గార తీవ్రత పెరగవచ్చు. పట్టికలో అంకెను మాత్రమే చూసినవారు దాన్ని సాంకేతిక వెనుకబాటుగా వ్యాఖ్యానిస్తారు. నిజానికి అది వాగు దిగువ రైతు ఇంతకాలం మోసిన ఖర్చు పరిశ్రమ ఖాతాలోకి తిరిగి రావడం. వ్యర్థాన్ని ఆవిరి చేయకుండా నదిలో వదిలిన కాలపు తక్కువ తీవ్రతను ఆదర్శంగా తీసుకోవడం శాస్త్రం కాదు. శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని పైపులైను ద్వారా అంబర్‌పేటకు తరలించిన ఏర్పాటును కూడా ఈ కోణంలోనే చూడాలి. భారం మంజీర పరీవాహకం నుంచి మూసీ పరీవాహకానికి మారింది, జిల్లా లెక్కలో తగ్గినట్లు కనిపించింది.

1991లో గ్రాస్‌మన్, క్రూగర్ చూపిన వక్రరేఖ ప్రకారం ఆదాయం పెరిగే తొలిదశలో కాలుష్యం పెరిగి, ఒక మలుపు తరువాత తగ్గుతుంది. కంటికి, ముక్కుకు తెలిసే కాలుష్యానికి ఈ మలుపు వస్తుంది, ఎందుకంటే బాధితులు పక్కనే ఉండి అడుగుతారు, కోర్టుకు వెళ్తారు. కార్బన్ డయాక్సైడ్‌కు వాసన లేదు, దాని బాధితుడు పక్క ఊరివాడు కాకపోవచ్చు. అందుకే ఆదాయం పెరిగితే అదే సర్దుకుంటుందని దాని విషయంలో చెప్పలేము.

పొలం వంతు ఎంత?

వ్యవసాయ ఉద్గారాలను చాలాచోట్ల ముందుగా లెక్కించడానికి కారణం అవి ఎక్కువని కాదు, సమాచారం చేతిలో ఉండడమే. పంటల విస్తీర్ణం, ఎరువుల అమ్మకాలు, పశుగణన వివరాలు మండల కార్యాలయంలో దొరుకుతాయి. ఏ కర్మాగారం ఎంత బొగ్గు, ఎంత ఫర్నేస్ ఆయిల్ కాల్చిందో దొరకదు. తెలిసినదాన్ని ముందు పెట్టి, తెలియనిదాన్ని ఇతరాలు అని చివర రాసిన పట్టిక జిల్లా సమావేశంలో చదివినప్పుడు అపరాధి రైతు అన్న భావన కలుగుతుంది. విస్తరణ శాస్త్రవేత్త అక్కడ మౌనంగా ఉండరాదు.

అలాగని పొలం ఉద్గారాలు లేవనీ కాదు. ఐదు అశ్వశక్తుల మోటారు రోజుకు 6 గంటలు, ఏడాదిలో 100 రోజులు నడిస్తే సుమారు 2,220 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు 0.72 కిలోల చొప్పున లెక్కిస్తే 1.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్. జాతీయ లెక్కల్లో ఇది వ్యవసాయం కింద కాక శక్తి రంగం కింద నమోదవుతుంది. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అమలయినందున ఈ అంశాన్ని విడిగా గమనించడం మంచిది.

యూరియా సంగతి మరింత ఆసక్తికరం. యూరియా తయారీలో కార్బన్ డయాక్సైడ్ ముడిసరుకు, అది గుళికలో బంధించబడుతుంది. నేలలో పడి తేమ తగిలాక ఎంజైముల చర్యతో విడిపోతుంది. ఐపీసీసీ గుణకం ప్రకారం 45 కిలోల బస్తా నుంచి 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. రామగుండంలో బంధించిన వాయువు జహీరాబాద్ చెరకు తోటలో విడుదలవుతుందన్న మాట. అదే బస్తాలోని 20.7 కిలోల నత్రజనిలో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుందన్న ప్రాథమిక గుణకంతో లెక్కిస్తే, దాని ప్రభావం దాదాపు 89 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కార్బన్ డయాక్సైడ్‌కే పరిమితమైన అధ్యయనం యూరియా బస్తా ప్రభావంలో నాలుగింట మూడు వంతులను వదిలేస్తుంది.

నేలలో నిలవ ఉండే కర్బనం ఖాతాకు మరో వైపు. ఇందుకు సాక్ష్యం పారిశ్రామిక వాడ పక్కనే ఉంది. 1972లో పటాన్‌చెరులో స్థాపించిన ఇక్రిశాట్, 1976 నుంచి నల్లరేగడిలో ఒక దీర్ఘకాలిక వాటర్‌షెడ్ ప్రయోగాన్ని సాగిస్తున్నది. వానాకాలం బీడు పెట్టి యాసంగిలో జొన్న లేదా శనగ వేసే పాత పద్ధతి ఒకవైపు, వెడల్పాటి ఎత్తు మడులు, కాలువలు చేసి జొన్న–కంది వంటి పంటలు వేసే మెరుగైన పద్ధతి మరొకవైపు. పాత పద్ధతిలో హెక్టారుకు సుమారు ఒక టన్ను గింజ పండితే, మెరుగైన పద్ధతిలో దాదాపు 5 టన్నులు పండింది. అదే హెక్టారు ఎక్కువ మందిని పోషించగలిగింది. 24 ఏళ్ల తరువాత 120 సెంటీమీటర్ల లోతు వరకు నేల కర్బనం పాత పద్ధతిలో 39.5 టన్నులు, మెరుగైన పద్ధతిలో 46.8 టన్నులు ఉన్నట్లు తేలింది. తేడా 7.3 టన్నుల కర్బనం, ఏటా హెక్టారుకు సుమారు 1.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం.

ఈ అంకెను ఉత్సాహంతో పట్టుకొని పరిశ్రమల పొగను పొలాలు పీల్చేస్తాయని చెప్పేవారున్నారు. గంటకు 10 టన్నుల ఆవిరినిచ్చే ఒక బాయిలరు ఏడాదికి 300 రోజులు నడిస్తే 72,000 టన్నుల ఆవిరి, 14,400 టన్నుల బొగ్గు, 23,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్. దాన్ని నేలలో నిలపాలంటే సుమారు 21,000 హెక్టార్ల నల్లరేగడి ఏటా అదే వేగంతో కర్బనాన్ని పోగుచేసుకోవాలి. అదీ ఒక్క బాయిలరుకు. పైగా హెక్టారుకు 60 కిలోల నత్రజనిని యూరియా రూపంలో వేశారనుకుంటే, నైట్రస్ ఆక్సైడ్, యూరియా విఘటనం కలిసి ఆ 1.1 టన్నుల్లో మూడో వంతు దాకా తినేస్తాయి. నేల కర్బనం ఒక స్థాయి వద్ద ఆగుతుంది, దున్నకం మారితే తిరిగి పోతుంది. ఈ పద్ధతిని దిగుబడి కోసం, తేమ నిలవ కోసం, నేల కోత తగ్గించడం కోసం సిఫారసు చేయాలి. కర్బన నిలవ దానితో వచ్చే అదనపు లాభం.

బాయిలర్లలో బొగ్గుకు బదులు ఊక, పత్తి కట్టె ఇటుకలు వాడకం విషయంలోనూ సరిహద్దు ప్రశ్న తిరిగి వస్తుంది. జీవ ఇంధనం నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను శక్తి రంగపు మొత్తంలో కలపరు, సమాచారం కోసం విడిగా చూపుతారు. చేలో కాల్చివేసే పత్తి కట్టె బాయిలరుకు వెళ్తే అది నికర లాభం. ముక్కలు చేసి నేలలో కలిపే కట్టె వెళ్తే పరిశ్రమ అంకె తగ్గుతుంది, నేల కర్బనం తగ్గుతుంది, రెండో అంకెను ఎవరూ రాయరు. పత్తి ప్రధాన పంటగా ఉన్న సంగారెడ్డిలో కట్టె కొనుగోలు కేంద్రాలు వచ్చినప్పుడు రైతు అంతకుముందు ఆ కట్టెను ఏంచేసేవాడో అడిగి నమోదు చేయడం క్షేత్రస్థాయి సిబ్బంది చేయగల పని, వారు మాత్రమే చేయగల పని.

విద్యార్థుల అభ్యాసానికి నక్కవాగు ఒడ్డున ఒక గ్రామాన్ని, వాగుకు దూరంగా అదే రకం నేల ఉన్న మరో గ్రామాన్ని ఎంచుకోవచ్చు. రెండు గ్రామాల్లోనూ మోటారు గంటలు, యూరియా బస్తాలు, ట్రాక్టరు డీజిలు, పంట అవశేషాల గతి, సాగు మానేసిన భూమి విస్తీర్ణం రాయాలి. డీజిలుకు లీటరుకు 2.7 కిలోలు, కరెంటుకు యూనిట్‌కు 0.72 కిలోలు వాడాలి. వాగు ఒడ్డు గ్రామంలో హెక్టారుకు ఉద్గారం తక్కువగా వస్తే, ఆ తగ్గుదల మెరుగైన సాగు వల్ల వచ్చిందా, నీరు పనికిరాక మోటార్లు ఆపి భూములు బీడు పడడం వల్ల వచ్చిందా అన్నది చివరి గడిలోని సాగు మానేసిన విస్తీర్ణాన్ని బట్టి తెలుస్తుంది.